గింజ తీసిన పత్తి

పసిఫిక్ దీవికి పెట్టె సర్దుతున్న ఒక మిరప రైతు ఇంట్లో, తీసుకెళ్లేవాటికన్నా వదిలేసి వెళ్లాల్సినవాటి జాబితాయే పొడుగైంది. ఎందుకని ఆ రైతుకు ఎవరూ వివరించి చెప్పనక్కర్లేకపోయింది.

ఏప్రిల్ నెలాఖరు. చిలకలూరిపేట దాటి హైవే దిగితే మా పెద్దమ్మ వాళ్లూరు. కల్లాల్లో కాయంతా ఎత్తేశారు. కాయ నింపిన టిక్కీలు కొన్ని మిర్చి యార్డుకి, కొన్ని కోల్డ్ స్టోరేజీకి వెళ్లిపోయాయి. గాలిలో ఘాటు మాత్రం అలాగే ఉంది. వసారాలో నవారు మంచం మీద రెండు పెట్టెలు తెరిచి పెట్టారు. వాటి చుట్టూ ఒక చిన్న కిరాణా కొట్టు పరిచినట్టుంది: పండుమిర్చి పచ్చడి, గోంగూర, గొడ్డు కారం, కందిపొడి, సున్నుండలు, నెయ్యి సీసా, చల్ల మిరపకాయలు, ఎండు కొబ్బరి చిప్పలు, కడిగి ఆరబెట్టిన కరివేపాకు.

వాళ్లబ్బాయి ఫిజీ రాజధాని సువాలో ఉద్యోగం చేస్తున్నాడు. మే నెలలో నెలరోజులు ఉండి రావాలని పెద్దమ్మ, పెదనాన్నల ప్రయాణం. ఇద్దరికీ విమానం ఎక్కడం ఇదే మొదలు.

పెట్టె అడుగున ఒక పాత చీర ముక్కలో మూట కనపడింది. విప్పితే గింజ పత్తి, చేలో ఏరింది ఏరినట్టుగా. "మనం విమానం దిగే నాండిలో సుబ్రమణ్యస్వామి గుడి ఉందంటగా. మన చేలో పత్తితో వత్తులు చేసి వెలిగిద్దామని" అంది పెద్దమ్మ. పెదనాన్న ఏమీ అనలేదు గానీ, ఆయన చొక్కా జేబులో ఇంకో మూట ఉందని నాకు తెలుసు. జేబురుమాలులో నాలుగు ముళ్లు వేసి, ఒక ముడిలో మిరప గింజలు, ఒకదాంట్లో గోంగూర, మిగతా రెండింట్లో దోస, సొర. పిల్లాడు పెరట్లో పాదులు పెట్టుకుంటాడని.

ఫిజీలో విమానం దిగేటప్పుడు నింపాల్సిన కాగితంలో ఏముంటుందో వాళ్లకు తెలుగులో చెప్పాను. తినే వస్తువులున్నాయా? మొక్కలు, గింజలు, ఎండినవైనా సరే ఉన్నాయా? పాలతో, మాంసంతో చేసినవి? ఈమధ్య పొలంలో తిరిగారా? చెప్పులకు మట్టి ఉందా?

పెద్దమ్మకు కోపం వచ్చింది. "మన పచ్చడి తింటే వాళ్లకేం పుట్టి మునిగిందిరా?"

పెదనాన్న మాత్రం జేబులోంచి ముడుల రుమాలు తీసి మంచం మీద పెట్టాడు. "పురుగు వస్తదని. నల్ల తామర పురుగు వచ్చిన ఏడు మర్చిపోయావా?" అన్నాడు.

పైముడత తెలిసినవాళ్లకి

గుంటూరు, ప్రకాశం మిరప రైతుకి తామర పురుగు కొత్తేమీ కాదు. ఆకు పైకి దోనెలా ముడుచుకుంటే పైముడత, అది తామర పురుగు పని. కిందికి ముడుచుకుంటే కింది ముడత, అది నల్లి పని. ఏ మందు ఎప్పుడు కొట్టాలో చేలోకి దిగగానే చెప్పేస్తారు. 2021లో ఆ అనుభవమంతా పనికిరాకుండా పోయింది. ఆ సీజన్లో వచ్చిన పురుగు ఆకుల్ని వదిలి పూలల్లో దూరింది. ఒక్కో పువ్వును దులిపితే అరచేతిలో నల్లటి నలుసులు గుంపుగా రాలేవి. పూత రాలిపోయింది, కాయ పడలేదు. కొట్టిన మందే మళ్లీ మళ్లీ కొట్టారు. నీలి రంగు జిగురు అట్టలు కట్టారు. ఎకరాకు లక్షకు పైగా పెట్టుబడి పెట్టి, చివరికి చేను పీకేసిన వాళ్లున్నారు.

దాని శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్. ఆగ్నేయాసియా నుంచి బయల్దేరిన పురుగిది. హవాయి దీవుల బొప్పాయి తోటల్లోనూ కనిపించింది. మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద గుర్తించారు. ఆరేళ్లు తిరిగేసరికి ఆంధ్ర, తెలంగాణ మిరప చేలమీద పడింది. కంట్లో నలుసంత ఉండదు, సముద్రం ఈదలేదు. ఏ మొక్కతోనో, ఏ పువ్వుతోనో, ఎవరి సామానుతోనో రావాల్సిందే.

ఫిజీ అధికారి అడిగే ప్రశ్న వెనక ఉన్నదీ ఇదే. ఇక్కడ లక్షల ఎకరాల నేల ఉండి కూడా ఒక్క పురుగుకు తట్టుకోలేకపోయాం. 330కి పైగా దీవులున్నా, అన్నీ కలిపి తొమ్మిది లక్షల చిల్లర జనాభా ఉన్న దేశం, చెరకు, కొబ్బరి, దుంపల మీద బతికే దేశం, ఎంత భయపడాలి?

ఇచ్చి పుచ్చుకున్న పురుగులు

పురుగు ఎప్పుడూ బయటి నుంచే మన మీదికి వస్తుందనుకుంటే పొరపాటు. మన వైపు నుంచి వెళ్లినవీ ఉన్నాయి.

పత్తి రైతుకు నిద్ర పట్టనివ్వని గులాబీ రంగు పురుగుకు శాస్త్రవేత్తలు తొలిసారి పేరు పెట్టింది 1843లో, భారతదేశపు పత్తిలో దొరికిన నమూనాలు చూసి. 20వ శతాబ్దపు తొలి దశాబ్దంలో అది పత్తి గింజల్లో దాక్కుని ఈజిప్టు చేరింది, అక్కణ్ణుంచి పత్తి పండే దేశాలన్నీ తిరిగింది. పెద్దమ్మ చీర ముక్కలోని గింజ పత్తి లాంటి దాంట్లోనే. పురుగు పిల్ల రెండు గింజల్ని కలిపి అంటించుకుని లోపల నెలల తరబడి నిద్రపోగలదు.

కొబ్బరి మొవ్వు తొలిచే కొమ్ము పురుగు మన దక్షిణాసియాది. 1909లో సిలోన్ నుంచి రబ్బరు మొక్కలతోపాటు సమోవా దీవులకు వెళ్లింది. 1953కి ఫిజీలో దిగింది. కొబ్బరిచెట్టే ఇంటి కప్పు, వంట, చాప, ఆదాయం అయిన దీవుల్లో అది చేసిన నష్టం ఇంతా అంతా కాదు. పురుగులే కాదు, జంతువులూ అంతే. చెరకు తోటల్లో ఎలుకల్ని పట్టడానికని 1883లో మన ముంగిసను ఫిజీకి తీసుకెళ్లారు. ఎలుకల మాటేమో గానీ, అక్కడి నేలమీద గూడు కట్టే పక్షుల గుడ్లన్నీ తినేసింది. మన గోరింక, మన పిగిలిపిట్ట కూడా అక్కడ స్థిరపడిపోయాయి. ఫిజీలో పొద్దున్నే నిద్ర లేస్తే చెవిన పడేది మన పెరటి కూతే అంటే, అందులో ముచ్చట ఎంతుందో ముప్పు అంత ఉంది.

ఇంకో మాట. మన దేశంలో మొక్కల క్వారంటైన్‌కు శ్రీకారం చుట్టింది పత్తే. అమెరికా పత్తిని తినేస్తున్న మెక్సికో ముక్కుపురుగు ఇటు వస్తుందేమోనన్న భయంతో, 1906లో దిగుమతయ్యే పత్తి బేళ్లకు పొగబెట్టి తీరాలని భారత ప్రభుత్వం ఆదేశించింది. 1914లో విధ్వంసక కీటకాలు, తెగుళ్ల చట్టం వచ్చింది. ఆ ముక్కుపురుగు ఇవాళ్టికీ మన పత్తి చేలో అడుగు పెట్టలేదు. గుంటూరు పత్తికి ఎన్ని బాధలున్నా ఆ బాధ లేకపోవడానికి, నూట ఇరవై ఏళ్ల కిందట ఓడరేవులో ఎవరో పట్టిన పట్టు ఒక కారణం. మనకు మేలు చేసిన రూలే అవతలివాడు పెడితే చాదస్తమనడం ఏం న్యాయం?

ఒక తట్టు, ఒక గిర్మిట్

దీవుల భయం పురుగులతో మొదలు కాలేదు, మనుషుల జబ్బుతో మొదలైంది. 1874 అక్టోబరులో ఫిజీ బ్రిటిష్ వలస అయింది. ఆ సంబరానికి సిడ్నీ వెళ్లిన ఫిజీ రాజు దాకోంబావు పరివారం 1875 జనవరిలో డైడో అనే యుద్ధనౌకలో తిరిగొచ్చింది. వాళ్లతోపాటు తట్టు దిగింది. అంతకుముందు ఆ జబ్బు ఎరగని దీవుల్లో కొద్ది నెలల్లోనే సుమారు 40,000 మంది చనిపోయారని అంచనా. మొత్తం జనంలో నాలుగో వంతు కంటే ఎక్కువ. 2019లో పక్కనున్న సమోవాలో తట్టు మళ్లీ రేగినప్పుడు 83 మంది పోయారు, అందులో ఎక్కువమంది పసిపిల్లలు.

ఆ 1875 చావులకూ మన తెలుగువాళ్లకూ సంబంధం ఉంది. తట్టు తర్వాత వచ్చిన గవర్నరు సర్ ఆర్థర్ గోర్డన్, చితికిపోయిన స్థానికుల్ని తోటల పనికి తోలితే ఆ జాతే మిగలదనుకున్నాడు. మారిషస్, ట్రినిడాడ్‌లలో భారతీయ కూలీల్ని చూసి వచ్చినవాడు కాబట్టి ఇక్కడికీ వాళ్లనే రప్పించాడు. 1879 మే 14న లియోనిదాస్ అనే ఓడ కలకత్తా నుంచి తొలి కూలీలతో ఫిజీ చేరింది. ఓడలో కలరా, మశూచి. అందర్నీ ఒక చిన్న దీవిలో దించి క్వారంటైన్‌లో పెట్టారు. ఆ తర్వాత సువా పక్కనున్న నుకులావు దీవిని అందుకే వాడారు.

కూలీలు సంతకం చేసిన, కాదు, వేలిముద్ర వేసిన 'అగ్రిమెంటు' వాళ్ల నోట్లో 'గిర్మిట్' అయింది. అయిదేళ్ల కట్టుబాటు. రోజంతా అప్పజెప్పిన పని పూర్తి చేస్తే మగవాళ్లకు ఒక షిల్లింగు, ఆడవాళ్లకు తొమ్మిది పెన్నీలు. పదేళ్లుంటే తిరుగు ప్రయాణం ఉచితం. కలకత్తా నుంచి వచ్చేవాళ్లు చాలక 1903 నుంచి మద్రాసు రేవు తెరిచారు. 1916లో చివరి ఓడ దిగేదాకా 87 ప్రయాణాల్లో 60 వేల మందికి పైగా వెళ్తే, వాళ్లలో దాదాపు పాతిక శాతం దక్షిణాదివాళ్లు. తమిళులు, మలయాళీలతోపాటు విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాల తెలుగువాళ్లు.

వాళ్ల సామాను ఎంత? మద్రాసు డిపోలో వైద్య పరీక్ష, టీకా, ఒక కంబళి, ఒక తగరపు పళ్లెం. పచ్చడి జాడీ ఎవరూ సర్దివ్వలేదు. ఆవిరి ఓడలో నెలరోజుల ప్రయాణం, అదీ ఎక్కడికి పోతున్నారో సరిగా తెలియకుండా. మా పెదనాన్న ఫోనులో సువా ఇంటి వరండా వరకూ చూసుకుని బయల్దేరుతున్నాడు.

ఆనాటి పాసు, ఈనాటి పాస్‌పోర్టు

గిర్మిట్ కూలీ ఒక్కొక్కరికీ ఎమిగ్రేషన్ పాసు అని ఒక కాగితం ఉండేది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటిమీద పుట్టుమచ్చలు, ఊరు, తాలూకా, జిల్లా. ఇప్పుడవి సువాలోని జాతీయ పురాభిలేఖాగారంలో ఉన్నాయి. ముత్తాతల ఊరు వెతుక్కునే ఫిజీ తెలుగువాళ్లకు అదే ఆధారం. ఆ కాగితంలో జిల్లా పేరు చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 1859లో గుంటూరు జిల్లాను రద్దు చేసి కృష్ణాలో కలిపారు, 1904 అక్టోబరులో గాని మళ్లీ ఏర్పాటు చేయలేదు. ఒంగోలు అప్పటిదాకా నెల్లూరు జిల్లా. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో, ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే. కాబట్టి తొలి ఓడల పాసు మీద 'కృష్ణా' అనో 'నెల్లూరు' అనో ఉంటే, ఆ ఊరు ఇవాళ్టి మన మిరప చేల మధ్యే ఉండొచ్చు.

పెదనాన్న పాస్‌పోర్టు దగ్గరా పేరుతోనే తంటా వచ్చింది. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పట్టాదారు పుస్తకంలో మొత్తం, రేషన్ కార్డులో అసలు లేదు. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు ఒప్పుకోరు, ఇంటిపేరు పూర్తిగా విడమర్చి రాయాలి. రాసింది రాసినట్టు టిక్కెట్టులోనూ ఉండాలి. విదేశంలో అందరూ ఇంటిపేరుతోనే పిలుస్తారని ముందే చెబితే, "అయితే అక్కడ నేనూ మీ తాతా ఒకే మనిషి అన్నమాట" అన్నాడు.

ఆయన పదో తరగతి తప్పాడు. అందుకని పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని పడింది. ఉద్యోగానికి వెళ్లే చదువు తక్కువ వాళ్లు మోసపోకుండా, 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద 18 దేశాలకు ముందస్తు అనుమతి తీసుకోవాలన్న నియమం అది. గిర్మిట్ నాటి మోసాలు ఎరిగిన దేశం పెట్టుకున్న కంచె. ఫిజీ ఆ జాబితాలో లేదు, పైగా వీళ్లు వెళ్తున్నది కొడుకును చూడ్డానికి. చిక్కు లేదు.

దారి, కాలం, మర్యాద

భారతీయ పాస్‌పోర్టు ఉంటే ఫిజీకి ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు. దిగాక నాలుగు నెలల వరకు సందర్శకుల పర్మిట్ ఇస్తారు. తిరుగు టిక్కెట్టు, ఉండబోయే చిరునామా, ఆర్నెల్లకు తగ్గని పాస్‌పోర్టు గడువు చూపించాలి. చిక్కంతా మధ్య మజిలీలో ఉంటుంది. హైదరాబాదు నుంచి సింగపూరు, అక్కణ్ణుంచి నాండికి సుమారు పది గంటలు. సింగపూరు విమానాశ్రయం దాటి బయటికి పోకుండా విమానం మారితే ఇబ్బంది లేదు. ఆస్ట్రేలియా మీదుగా వెళ్తే విమానం మారడానికి కూడా ట్రాన్సిట్ వీసా కావాలి. చౌకగా దొరికిందని సిడ్నీ మీదుగా టిక్కెట్టు కొనేముందు ఇది చూసుకోవాలి. నిబంధనలు మారుతుంటాయి కనుక బయల్దేరే వారం ముందు ఇంకోసారి సరిచూసుకోవడం మంచిది.

వేళ మాత్రం మిరప రైతుకు కుదిరినట్టు ఇంకెవరికీ కుదరదు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ తుఫాన్ల కాలం, మనకు కాపు, కోతల కాలం. మే నుంచి అక్టోబరు దాకా అక్కడ చల్లగా, పొడిగా ఉంటుంది. మే నెలలో గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులు. ఇక్కడ రోళ్లు పగిలే ఎండలప్పుడు అక్కడ సాయంత్రం పలచటి స్వెటరు వేసుకోవచ్చు. పైగా లియోనిదాస్ చేరిన రోజుకు గుర్తుగా మే నెల మధ్యలో గిర్మిట్ దినం జరుగుతుంది. 2023 నుంచి అది ప్రభుత్వ సెలవు. అక్కడి గడియారం మనకన్నా ఆరున్నర గంటలు ముందు. మలేరియా లేదు గానీ డెంగీ ఉంది. కరెంటు మన వోల్టేజీకి దగ్గరే, ప్లగ్గు మాత్రం ఆస్ట్రేలియా తరహాలో ఏటవాలు పిన్నులది. మిక్సీ తీసుకెళ్తే అడాప్టరు చాలు.

స్థానిక ఫిజియన్ల పల్లెకు వెళ్తే యంగోనా అనే మొక్క వేళ్ల కట్ట ఒకటి పెద్దమనిషి ముందు పెట్టాలి. దాన్ని సెవుసెవు అంటారు. మనం పెద్దింటికి పండో పూవో తీసుకెళ్లినట్టే. ఊళ్లో టోపీగాని తలగుడ్డగాని పెట్టుకోకూడదు, అది వాళ్ల పెద్దలకే చెల్లు. పెదనాన్నకు ఇది కష్టమే. అయితే మగవాళ్లు ఆఫీసుకు కూడా సులు అనే లుంగీలాంటిది కట్టుకుని, దానికి జేబులు కుట్టించుకుని వెళ్తారని చెప్పాక కొంత ఊరట కలిగింది.

ఇక తెలుగు. మద్రాసు నుంచి వచ్చినవాళ్లంతా పొలాల్లో ఫిజీ హిందీలోకి ఒదిగిపోయారు. భాష నిలుపుకోవాలని 1926లో సాధు కుప్పుస్వామి దక్షిణాదివాళ్లందరికీ ఒక సంగం పెట్టాడు. 1941లో తెలుగువాళ్లు విడిగా దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం ఏర్పాటు చేసుకున్నారు, బడులు నడిపారు. ఇప్పటి తరంలో తెలుగు బాగా తగ్గినా ఇంటిపేర్లు, గుళ్లు, వంటలు మిగిలాయి. నాండిలో సుబ్రమణ్యస్వామి గుడిని 1994లో ద్రావిడ శైలిలో తిరిగి కట్టారు. కరివేపాకు ఇంటింటా ఉంది, పేరే మారింది: తేజ్‌పత్తి. ఘాటుకు బాంగో అనే మిరప ఉంది. పిల్లాడు కారం లేక చిక్కిపోయాడన్న మాట పెద్దమ్మ ఊహే.

పెట్టె కట్టేముందు

• మొక్కలు, పచ్చి ఆకులు, పండ్లు, విత్తనాలు ఇంట్లోనే వదిలేయండి. కరివేపాకు రెబ్బతో నిమ్మజాతి తోటల్ని నాశనం చేసే పురుగు వెళ్లే ప్రమాదం ఉంది.

• నెయ్యి, పాల మిఠాయిలతో ఇబ్బంది. చల్ల మిరపకాయల్లో మజ్జిగా ఉంది, గింజా ఉంది. రెండు తప్పులు ఒకే కాయలో.

• పచ్చళ్లు, పొడులు ఫ్యాక్టరీ సీలుతో, లేబులుతో ఉంటే మేలు. ఏదైనా సరే, కాగితంలో 'ఉంది' అని రాయండి. రాస్తే మహా అయితే తీసేసుకుంటారు. దాస్తే జరిమానా. న్యూజిలాండ్‌లో అక్కడికక్కడే 400 డాలర్లు.

• కారప్పొడి చేతి సంచిలో కుదరదు. ఎండు కొబ్బరి నూనెకు అంటుకునే గుణం ఉందని దాన్ని చెక్-ఇన్ సామానులోనూ ఒప్పుకోరు.

• మందులు అసలు ప్యాకింగులో, డాక్టరు చీటీతో.

• చెప్పులు, బూట్ల అడుగులు కడిగి ఆరబెట్టండి.

ఈ చివరిది చదివినప్పుడు పెదనాన్న లేచి పంపు దగ్గరికి వెళ్లాడు. రేగడి మట్టి సంగతి తెలిసిందే, ఒకసారి పట్టుకుంటే వదలదు. పాత టూత్ బ్రష్షుతో చెప్పుల అడుగు గీతల్లోంచి తోముతుంటే నల్లటి నీళ్లు కారుతూనే ఉన్నాయి. వాసన చూసి మళ్లీ తోమాడు. గింజల రుమాలు తీసి వంటింటి గూట్లో డబ్బాలో పెట్టాడు. జూన్‌లో తిరిగొచ్చేసరికి నారు పోసే అదను ఉండనే ఉంటుంది.

పెద్దమ్మ గుమ్మం దగ్గర కూర్చుని చీర ముక్క విప్పింది. ఒక్కో పత్తి పోగు తీసి వేళ్లతో గింజ వేరు చేయడం మొదలుపెట్టింది. గింజ పక్కన, దూది ఒళ్లో. రెండు గంటలు పట్టింది. తర్వాత దూదిని పింజించి, తొడమీద వత్తులు చేసి, ప్లాస్టిక్ కవరులో పెట్టింది. కాగితం నింపే పని నాకు అప్పజెప్పారు. మొక్కలతో చేసిన వస్తువులున్నాయా అన్న గడి దగ్గర ఆగి ఆమె వైపు చూశాను.

"ఉన్నాయనే రాయి" అంది. "గింజ తీసేశామని కూడా రాయరా."